ఓపెన్ సోర్స్ స్ప్రింట్‌లో కలిసి కోడ్ రాయడం: బయల్దేరే ముందు నుంచి ప్యాచ్ మెర్జ్ అయ్యేదాకా

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల పని ఏడాది పొడవునా దూరం నుంచే నడుస్తుంది. ఒకరు ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపుతారు. మరో ఖండంలో ఉన్నవారు రెండు రోజుల తర్వాత చూసి ఒక ప్రశ్న వేస్తారు. దానికి జవాబు పై వారం వెళ్తుంది. ఇలా మూడు నెలలు సాగిన చర్చ, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే అరగంటలో తేలిపోవచ్చు. డెవలపర్లు స్ప్రింట్ పేరుతో ఒకచోట చేరి పనిచేసేది ఆ అరగంట కోసమే. ఇంట్లో ఒంటరిగా చేసుకోగలిగిన ఏ పనికీ అక్కడి సమయం ఖర్చు పెట్టకూడదు. అక్కడ తేలిన ఏ విషయమూ ఆ గదిలోనే ఉండిపోకూడదు. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ రెండింటి నుంచే వచ్చింది.

ఈ తరహా కలయికలకు పాతికేళ్లు దాటాయి. 1999 జూన్‌లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ డెవలపర్లు పది మంది కెనడాలోని కాల్గరీలో కూర్చుని పనిచేశారు. క్రిప్టోగ్రఫీ సాఫ్ట్‌వేర్ ఎగుమతిపై అమెరికాలో అప్పట్లో ఉన్న ఆంక్షలు తగలకుండా ఆ దేశం బయట కలుసుకున్నారు. ‘హ్యాకథాన్’ అనే మాట తొలిసారి వాడుకలోకి వచ్చిన సందర్భాల్లో అదొకటి. ఇప్పుడు ఆ పేరుతో బహుమతుల పోటీలు కూడా జరుగుతున్నాయి. ఒక రాత్రిలో కొత్త యాప్ తయారుచేసి చూపించే ఆ పోటీలకూ, ఉన్న ప్రాజెక్టును మెరుగుపరిచే స్ప్రింట్‌కూ పోలిక లేదు. ఇక్కడ చెప్పేదంతా రెండో దాని గురించి.

ఏ సమావేశానికి వెళ్లాలి

అన్ని సమావేశాల్లోనూ కోడ్ రాసే వీలుండదు. బ్రస్సెల్స్‌లో జరిగే ఫాస్‌డెమ్ అనే ఓపెన్ సోర్స్ సమావేశానికి టికెట్ లేదు, ముందస్తు నమోదు లేదు, రెండు రోజుల్లో వందల ప్రసంగాలుంటాయి. మనుషులను కలవడానికి అంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. కానీ గదులు కిక్కిరిసి ఉంటాయి, మూడు గంటలు కుదురుగా కూర్చుని పనిచేయడం కుదరదు. పైథాన్ భాష వాడేవారి సమావేశం పైకాన్ యూఎస్‌లో ప్రసంగాలు ముగిశాక కొన్ని రోజులు ప్రత్యేకంగా స్ప్రింట్లకే కేటాయిస్తారు. లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వాళ్లు తమ సమావేశం డెబ్‌కాన్‌కు ముందు డెబ్‌క్యాంప్ పేరుతో పని రోజులు పెట్టుకుంటారు. లైనక్స్ డెస్క్‌టాప్‌లు తయారుచేసే కేడీఈ వారి అకాడమీ సమావేశంలో, గ్నోమ్ వారి గ్వాడెక్‌లో ప్రసంగాల తర్వాత ఒక్కో అంశం మీద చిన్న చిన్న చర్చలు నడుస్తాయి. వాటిని బాఫ్‌లు అంటారు. ఇవి కాక ఒకే ప్రాజెక్టు వాళ్లు ఎనిమిది పది మంది ఒక వారాంతం కలుసుకునే స్ప్రింట్లూ ఉంటాయి. కోడ్ పరంగా ఎక్కువ ఫలితం వచ్చేది వీటిలోనే.

కొత్తవారైతే సమావేశం ఎంత పెద్దదని చూడకండి. మీరు పనిచేయదలచిన ప్రాజెక్టుకు మెర్జ్ చేసే (ప్యాచ్‌ను అసలు కోడ్‌లో కలిపే) అధికారం ఉన్న మెయింటైనర్ కనీసం ఒకరు ఆ రోజుల్లో అక్కడ ఉంటారా లేదా అన్నది చూడండి. మెయింటైనర్ లేని బల్ల దగ్గర పది మంది కూర్చుని రాసిన ప్యాచ్‌లన్నీ తర్వాత వరుసలో నిలబడాల్సిందే. ప్రయాణ ఖర్చు భారమైతే నిర్వాహకులు ఇచ్చే ప్రయాణ సహాయం గురించి ముందే కనుక్కోండి. దాని గడువు సాధారణంగా సమావేశానికి కొన్ని నెలల ముందే ముగుస్తుంది. వీసా కావలసిన చోటైతే ఆహ్వాన పత్రం కూడా అప్పుడే అడగాలి.

రెండు వారాల ముందు: పని ఎంచుకోవడం, అనుమతులు

‘అక్కడికి వెళ్లాక చూద్దాం’ అనుకుని వెళ్లినవాళ్ల మొదటి రోజు ఇష్యూల (నమోదైన బగ్‌లు, చేయవలసిన మార్పుల) జాబితా చదవడంతోనే గడిచిపోతుంది. ముందుగానే మూడు ఇష్యూలు ఎంచుకోండి. మొదటిది రెండు గంటల్లో అయిపోయేది కావాలి, రెండోది ఒక రోజు పట్టేది. మూడోది మాత్రం ఎదురుగా మాట్లాడితే తప్ప తేలనిది. ఈ మూడోది అన్నిటికన్నా విలువైనది. డిజైన్ గురించి ఎటూ తేలక నెలల తరబడి నిలిచిపోయిన చర్చలు, రెండు విభాగాల వాళ్లు ఒప్పుకుంటే తప్ప కదలని మార్పులు ఈ కోవలోకి వస్తాయి. ప్రతి ఇష్యూ కిందా ‘ఫలానా స్ప్రింట్‌లో దీని మీద పనిచేయాలనుకుంటున్నాను, ఎవరైనా ఇప్పటికే మొదలుపెట్టారా?’ అని ఒక వాక్యం రాయండి. సగం రాసి వదిలేసిన పాత పుల్ రిక్వెస్ట్ (మార్పును కలపమని పెట్టిన అభ్యర్థన) ఉందేమో కూడా వెతకండి. ఉంటే దాన్ని ముందుకు తీసుకెళ్లడమే మేలు. మొదటి రచయిత పేరు కమిట్‌లో (కోడ్ చరిత్రలో నమోదయ్యే మార్పులో) అలాగే ఉంచాలి.

‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ అన్న లేబుల్‌ను గుడ్డిగా నమ్మవద్దు. అది పెట్టి రెండేళ్లయి ఉండొచ్చు, ఈలోగా చుట్టూ ఉన్న కోడ్ మారిపోయి ఉండొచ్చు. ఆ బగ్ మీ మెషీన్‌లో ఇప్పటికీ వస్తోందో లేదో ఇంట్లోనే చూసుకోండి. రాకపోతే, ఏ వెర్షన్‌లో ఎలా పరీక్షించారో రాయండి. అలాంటి ఇష్యూను మూయించడం కూడా ప్రాజెక్టుకు చేసిన సాయమే.

ఇక హక్కుల సంగతి. చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, పూర్తయిన ప్యాచ్ అక్కడే ఆగిపోతుంది. కొన్ని ప్రాజెక్టులు సీఎల్‌ఏ (కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంట్) అనే ఒప్పందం మీద సంతకం అడుగుతాయి. ఉద్యోగంలో ఉన్నవారికి కంపెనీ తరఫు సంతకం కూడా అవసరం కావచ్చు, అది న్యాయ విభాగం నుంచి రావడానికి వారాలు పట్టవచ్చు. లైనక్స్ కెర్నెల్ 2004లో మొదలుపెట్టిన డీసీఓ (డెవలపర్ సర్టిఫికేట్ ఆఫ్ ఆరిజిన్) పద్ధతి ఇంతకన్నా తేలిక. ‘ఈ కోడ్‌ను ఈ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు నాకుంది’ అని ధ్రువీకరిస్తూ ప్రతి కమిట్ చివర ‘సైన్డ్ ఆఫ్ బై’ అనే వరుస చేరుస్తారు. కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్. గిట్ కమిట్‌కు ‘ఎస్’ (-s) ఆప్షన్ ఇస్తే ఆ వరుస దానంతటదే చేరుతుంది. మరచిపోయి మూడు కమిట్లు చేసేస్తే గిట్ రీబేస్‌కు (కమిట్లను మళ్లీ కొత్తగా పేర్చే ఆదేశానికి) ‘సైన్ఆఫ్’ ఆప్షన్ ఇచ్చి ఒకేసారి చేర్చవచ్చు. మీ ఉద్యోగ ఒప్పందంలో సెలవు రోజుల్లో రాసిన కోడ్ కూడా కంపెనీదే అనే షరతు ఉంటే, రాతపూర్వక అనుమతి లేకుండా ఆ సంతకం పెట్టకండి.

వారం ముందు: మెషీన్ సిద్ధం చేయడం

స్ప్రింట్‌లో కొత్తవారి సమయాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తినేది ఎన్విరాన్‌మెంట్ సెటప్, అంటే కోడ్ నడవడానికి కావలసినవన్నీ మెషీన్‌లో అమర్చుకోవడం. పది మంది ఒకేసారి డిపెండెన్సీలు (ప్రాజెక్టుకు కావలసిన ఇతర ప్యాకేజీలు) దించుకోవడం మొదలుపెడితే నెట్ నత్తనడక నడుస్తుంది, మధ్యాహ్నం దాకా ఎవరి బిల్డూ పూర్తికాదు. ఇంట్లో ఈ వరుసలో చేయండి.

1. రిపోను (ప్రాజెక్టు కోడ్, దాని చరిత్ర ఉండే చోటును) పూర్తిగా క్లోన్ చేయండి, అంటే మీ మెషీన్‌లోకి కాపీ దించుకోండి. ‘డెప్త్ 1’ ఇచ్చి దించుకునే షాలో క్లోన్ త్వరగా దిగుతుంది కానీ అందులో చరిత్ర ఉండదు. ఏ వరుస ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్ ప్రతి వరుసనూ ఒకే కమిట్‌కు అంటగడుతుంది, రెండు బ్రాంచ్‌ల (కోడ్ చరిత్రలో విడిపోయిన శాఖల) ఉమ్మడి పూర్వ కమిట్ దొరక్క రీబేస్ గందరగోళమవుతుంది. ఇప్పటికే అలా దించుకుని ఉంటే గిట్ ఫెచ్‌కు ‘అన్‌షాలో’ ఆప్షన్ ఇచ్చి మిగతాది తెచ్చుకోండి. ఫైళ్ల పాత రూపాలను అవసరమైనప్పుడే దించే పార్షియల్ క్లోన్ ఇంట్లో హాయిగా నడుస్తుంది, కానీ నెట్ లేని చోట బ్లేమ్ అడగగానే ఆగిపోతుంది.

2. ప్రాజెక్టు సూచనల ప్రకారం బిల్డ్ చేయండి. సీ, సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులైతే ఒకసారి కంపైల్ చేసినదాన్ని దాచిపెట్టే సీక్యాష్ పెట్టుకోండి, రెండోసారి నుంచి చాలా సమయం మిగులుతుంది. కోర్‌లు ఎన్ని ఉన్నాయో ఒకేసారి నడిచేలా అన్ని జాబ్‌లు పెట్టేస్తే, కంపైలైన భాగాలను కలిపే లింకింగ్ దశలో ర్యామ్ నిండి ప్రాసెస్ చచ్చిపోవచ్చు. కారణం చెప్పకుండా బిల్డ్ మధ్యలో ఆగిపోతే మొదట అనుమానించవలసింది దీన్నే. జాబ్‌ల సంఖ్య సగానికి తగ్గించి చూడండి. పెద్ద ప్రాజెక్టుల్లో దగ్గరి దారులు కూడా ఉంటాయి. ఉదాహరణకు ఫైర్‌ఫాక్స్‌లో కేవలం జావాస్క్రిప్ట్ భాగం మార్చేవారు ‘ఆర్టిఫాక్ట్ బిల్డ్’ వాడితే కంపైల్ అయిన భాగాలు నేరుగా దిగుతాయి.

3. ఒక్క వరుస కూడా మార్చకముందే టెస్టులన్నీ రెండు మూడు సార్లు నడపండి. ప్రతిసారీ ఫెయిలయ్యేవి ఏవి, ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యేవి ఏవి అన్నది ఫైల్‌లో రాసుకోండి. ఈ జాబితా లేకపోతే అక్కడ ఏదో టెస్ట్ ఎర్రబడగానే మీ ప్యాచ్ వల్లే అనుకుని గంటల తరబడి వెతుకుతారు. ప్రయాణంలో టైమ్‌జోన్ మారినా కొన్ని టెస్టులు కొత్తగా ఫెయిలవుతాయి. అలాంటివి కనబడితే అవే మీకు దొరికిన మంచి బగ్‌లు.

4. గిట్‌లో పేరు, ఈమెయిల్ సరిచూసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆఫీసు ఈమెయిల్ ఉండిపోవడం చాలా సాధారణం. ఒకసారి మెర్జ్ అయ్యాక చరిత్రలో అది శాశ్వతంగా ఉండిపోతుంది.

5. చాలా ప్రాజెక్టులు కోడ్ ఉంచుకునే గిట్‌హబ్ సైట్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు పాస్‌వర్డ్‌ను ఒప్పుకోవడం మానేసింది. ఎస్‌ఎస్‌హెచ్ (సురక్షిత కనెక్షన్) కీ గానీ టోకెన్ గానీ ఉండాలి. మీ ఫోర్క్‌లోకి (మీ ఖాతాలో ఉన్న ప్రాజెక్టు కాపీలోకి) ఒక ఖాళీ బ్రాంచ్ పుష్ చేసి పనిచేస్తోందని నిర్ధారించుకోండి. రెండంచెల ధ్రువీకరణ ఎస్‌ఎంఎస్ మీద ఆధారపడితే, వేరే దేశంలో ఆ ఎస్‌ఎంఎస్ రాకపోవచ్చు. రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి.

6. ప్యాకేజీలు, కంటైనర్ ఇమేజ్‌లు, డాక్యుమెంటేషన్ అన్నీ దించి, వై-ఫై ఆపేసి మళ్లీ బిల్డ్ చేసి టెస్టులు నడపండి. ఎక్కడ ఆగితే అది ఇంకా దించుకోవలసినదన్న మాట. చాలామంది దాటేసే ఈ చివరి పరీక్షే అక్కడ కాపాడుతుంది.

విండోస్ వాడేవారికి ఒక మాట. వరుసల చివర ఉండే అక్షరాలు విండోస్‌లో ఒక రకం, లైనక్స్‌లో మరో రకం. ఎడిటర్ వాటిని మార్చేస్తే మీరు దిద్దింది రెండు వరుసలైనా డిఫ్‌లో (మారిన వరుసలు చూపే జాబితాలో) ఫైల్ మొత్తం మారినట్టు కనిపిస్తుంది. గిట్‌లోని ‘ఆటో సీఆర్‌ఎల్‌ఎఫ్’ సెట్టింగ్, ఎడిటర్ సెట్టింగ్ రెండూ చూసుకోండి. వీలైతే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లో లైనక్స్ నడిపే సదుపాయం) లోపల పనిచేయండి.

సెటప్ సూచనల్లో ఏ అడుగు తప్పుగా ఉందో, ఏ ప్యాకేజీ పేరు రాయలేదో గమనిస్తూ నోట్సు రాసుకోండి. మీ మొదటి ప్యాచ్ అదే కావచ్చు. ఏళ్లుగా అదే ప్రాజెక్టులో ఉన్నవారి కళ్లకు ఆ లోపాలు కనబడవు, కొత్తవారికి మాత్రమే కనబడతాయి.

సంచిలో ఛార్జర్‌తో పాటు నాలుగైదు ప్లగ్‌ల ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఆ దేశానికి సరిపడే ప్లగ్ అడాప్టర్, నెట్‌వర్క్ కేబుల్, ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టు లేకపోతే దాని అడాప్టర్, 64 జీబీ పెన్‌డ్రైవ్, ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చినవారి బల్ల చుట్టూ జనం వాళ్లంతట వాళ్లే చేరతారు.

అక్కడి నెట్‌వర్క్

దీనికి విడిగా చోటివ్వక తప్పదు, ఎందుకంటే స్ప్రింట్‌లలో చెడిపోయే వాటిలో మొదటిది ఇదే. మామూలు రౌటర్ 24 బిట్ల సబ్‌నెట్‌తో (నెట్‌వర్క్ అడ్రసుల పరిధితో) వస్తుంది, అంటే మొత్తం వాడుకోగల అడ్రసులు 254. వంద మంది వచ్చారంటే ల్యాప్‌టాప్, ఫోన్, టాబ్లెట్ కలిపి 300 పరికరాలు కావచ్చు. అడ్రసులు అయిపోయాక వచ్చినవారికి వై-ఫై కలిసినట్టు కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు. ఒక అడ్రసును ఒక పరికరానికి కేటాయించి ఉంచే లీజు కాలం 24 గంటలుంటే ఇంటికి వెళ్లిపోయిన ఫోన్ల అడ్రసులు కూడా మర్నాటి దాకా బంధించబడి ఉంటాయి. మీకు ఇలా అయితే మీ ల్యాప్‌టాప్‌ను తిట్టుకోకుండా నిర్వాహకులకు చెప్పండి. సబ్‌నెట్ పెద్దది చేసి లీజును గంటకు తగ్గిస్తే సరిపోతుంది.

రెండో చిక్కు పోర్టులు. కాలేజీలు, ఆఫీసుల నెట్‌వర్క్‌లలో ఎస్‌ఎస్‌హెచ్ వాడే 22వ పోర్టును మూసేస్తుంటారు. పుష్ చేయబోతే చాలాసేపు ఏమీ జరగక, చివరికి టైమవుట్ వస్తుంది. గిట్‌హబ్‌కు ‘ఎస్‌ఎస్‌హెచ్.గిట్‌హబ్.కామ్’, గిట్‌ల్యాబ్‌కు ‘ఆల్ట్ఎస్‌ఎస్‌హెచ్.గిట్‌ల్యాబ్.కామ్’ అనే హోస్ట్‌లు 443వ పోర్టు మీద ఎస్‌ఎస్‌హెచ్‌ను అందిస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ హోస్ట్ పేరు, పోర్టు రాసుకుంటే చాలు. కొత్త హోస్ట్ కాబట్టి మొదటిసారి కీ ఫింగర్‌ప్రింట్ (ఆ సర్వర్ కీని గుర్తించే సంకేతం) చూపించి నమ్మమంటారా అని అడుగుతుంది. తెలియని నెట్‌వర్క్‌లో కళ్లు మూసుకుని ‘యెస్’ కొట్టకండి, ఈ పని ఇంట్లోనే ఒకసారి చేసి ఉంచుకోండి.

మూడోది క్లయింట్ ఐసొలేషన్. పబ్లిక్ వై-ఫైలలో ఒక పరికరం మరో పరికరాన్ని చూడకుండా అడ్డుకట్ట వేస్తారు. భద్రతకు మంచిదే, కానీ పక్కవారి ల్యాప్‌టాప్‌లో నడుస్తున్న సర్వర్‌ను మీరు తెరవలేరు. అప్పుడు ఒకరి ఫోన్ హాట్‌స్పాట్‌కు ఇద్దరూ కలవండి, లేదా మధ్యలో చిన్న స్విచ్ పెట్టి కేబుళ్లతో కలుపుకోండి.

నెట్ పూర్తిగా పడిపోయినా గిట్ ఆగదు. 2005లో లీనస్ టోర్వాల్డ్స్ దాన్ని రాసిందే ప్రతి కాపీలోనూ పూర్తి చరిత్ర ఉండేట్టుగా. ‘గిట్ బండిల్’ ఆదేశం రిపో మొత్తాన్ని గానీ, ఒక బ్రాంచ్‌ను గానీ ఒకే ఫైల్‌గా కడుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఎదుటివారు మామూలు రిమోట్ (సర్వర్‌లోని కాపీ) నుంచి తెచ్చుకున్నట్టే ఫెచ్ చేసుకోవచ్చు. పెద్ద రిపోల బండిల్, కంటైనర్ ఇమేజ్‌లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిపెట్టే మెయింటైనర్ ఆ స్ప్రింట్‌ను సగం గట్టెక్కించినట్టే.

మొదటి గంట

బల్ల మీద ప్రాజెక్టు పేరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం నిలబెట్టండి. ఇంత చిన్న పని చేయకపోవడం వల్ల ఎంతమంది కొత్తవారు గది చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లిపోతారో లెక్కలేదు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరు పేరు, ప్రాజెక్టుతో పరిచయం ఎంత, ఈ రోజు ఏం చేయాలనుకుంటున్నారు, ఎన్నింటికి వెళ్లిపోవాలి అని అర నిమిషంలో చెప్పాలి. చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. నాలుగింటికి రైలున్న మెయింటైనర్‌తో తేలవలసిన విషయం ఏదైనా ఉంటే అది పొద్దున్నే మొదలవ్వాలి.

తర్వాత పని పంచుకోండి. గోడ మీద అంటించే చీటీలైనా, అందరూ రాయగలిగే ఈథర్‌ప్యాడ్ పేజీ అయినా ఫరవాలేదు. ఒక్కో వరుసలో ఇష్యూ సంఖ్య, చేస్తున్నవారి పేర్లు, ఎక్కడిదాకా వచ్చింది అన్నవి చాలు. ఒక గుంపులో ముగ్గురి నుంచి ఆరుగురు దాకా బాగుంటుంది. అంతకు మించితే రెండు బల్లలు చేయండి.

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాసేవారి సంఘం రైట్ ద డాక్స్ సహవ్యవస్థాపకుడు ఎరిక్ హోల్షర్ చెప్పిన ప్యాక్‌మ్యాన్ నియమం ఇక్కడ బాగా పనికొస్తుంది. గుండ్రంగా నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఒక మనిషి పట్టేంత ఖాళీ ఎప్పుడూ వదలాలి, ఎవరైనా వచ్చి ఆ ఖాళీ నింపితే మళ్లీ జరిగి కొత్త ఖాళీ ఇవ్వాలి.

మెయింటైనర్‌ను సాయం అడిగేటప్పుడు ‘ఇది పనిచేయట్లేదు’ అనకండి. ఏ ఆదేశం ఇచ్చారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు అన్న నాలుగు ముక్కలు సిద్ధంగా ఉంచుకోండి. అలాగని మొహమాటంతో గంటల తరబడి మౌనంగా తంటాలు పడవద్దు. ఇరవై నిమిషాలు కదలకపోతే అడగండి. ఇంట్లో అయితే పగలంతా వెతికినా తప్పులేదు, ఇక్కడ జవాబు తెలిసినవారు మూడడుగుల దూరంలో ఉన్నారు.

ఇద్దరు కలిసి ఒకే కోడ్ మీద

జంటగా రాసేటప్పుడు ఒకరు కీబోర్డు దగ్గర ఉంటారు, ఇంకొకరు తర్వాతి అడుగు ఆలోచిస్తూ చూస్తుంటారు. ఇరవై నిమిషాలకొకసారి స్థానాలు మార్చుకోండి, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. ఒకరికి కోడ్‌బేస్ బాగా తెలిసి, ఇంకొకరు కొత్తవారైతే కీబోర్డు ఎక్కువసేపు కొత్తవారి చేతిలోనే ఉండాలి. తెలిసినవారు టైప్ చేసుకుంటూ పోతే రెండోవారు పది నిమిషాల్లో ప్రేక్షకులైపోతారు. ‘ఇలా ఇవ్వు, నేను చేస్తాను’ అని కీబోర్డు లాక్కునే అలవాటు ఎంత అనుభవజ్ఞుడికైనా మంచిది కాదు.

బ్రాంచ్‌ల విషయంలో నియమం ముందే అనుకోండి. ఇద్దరూ ఒకే బ్రాంచ్‌కు పుష్ చేస్తుంటే, ఆ బ్రాంచ్ చరిత్రను ఎవరూ తిరగరాయకూడదు. దిద్దుబాట్లు ఉంటే గిట్ కమిట్‌లో ‘ఫిక్సప్’ ఆప్షన్‌తో విడి కమిట్‌లుగా చేర్చండి. పని అంతా అయ్యాక ఒక్కరే కూర్చుని రీబేస్‌లో ‘ఆటోస్క్వాష్’ ఇస్తే అవి వాటివాటి చోట్ల కలిసిపోతాయి. ఇలా కాక మధ్యలో ఒకరు రీబేస్ చేసి ఫోర్స్ పుష్ (సర్వర్‌లో ఉన్నదాన్ని తోసేసి తమది పెట్టడం) కొడితే రెండోవారు పుష్ చేసి ఉంచిన కమిట్లు సర్వర్‌లో బ్రాంచ్ నుంచి మాయమవుతాయి. అవి వారి సొంత కాపీలోని రెఫ్‌లాగ్‌లో (గిట్ రాసిపెట్టుకునే చిట్టాలో) ఇంకా ఉంటాయి కాబట్టి కంగారుపడి ఏదీ చెరిపేయకండి, అక్కడి నుంచి వెలికితీయవచ్చు.

ఫోర్స్ పుష్ తప్పనిసరైతే ‘ఫోర్స్ విత్ లీజ్’ వాడండి. మీరు చివరిసారి చూసిన తర్వాత రిమోట్ మారి ఉంటే అది నిరాకరిస్తుంది. ఇందులోనూ ఒక లొసుగుంది. చాలా ఎడిటర్లు వెనకాల తమంతట తాము ఫెచ్ చేస్తుంటాయి. అప్పుడు గిట్ లెక్కలో మీరు కొత్త కమిట్లు చూసేసినట్టే, రక్షణ పోయినట్టే. గిట్ 2.30 నుంచి వచ్చిన ‘ఫోర్స్ ఇఫ్ ఇంక్లూడ్స్’ను దానితో కలిపి ఇస్తే ఈ లొసుగు మూసుకుంటుంది. లేదంటే ఎడిటర్‌లో ఆటో ఫెచ్ ఆపేయండి.

స్ప్రింట్‌లో మెయిన్ బ్రాంచ్ మామూలు రోజులకన్నా చాలా వేగంగా కదులుతుంది. ఉదయం తీసిన బ్రాంచ్ సాయంత్రానికి పాతబడుతుంది. భోజనానికి ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి రీబేస్ చేసుకుంటే కాన్‌ఫ్లిక్ట్‌లు (ఇద్దరి మార్పులు ఒకే చోట ఢీకొనడం) చిన్నవిగా ఉన్నప్పుడే తేలిపోతాయి. కాన్‌ఫ్లిక్ట్ దిద్దేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. రీబేస్‌లో ‘అవర్స్’ అంటే మీరు ఎవరి మీదకు వెళ్తున్నారో ఆ బ్రాంచ్, ‘దైర్స్’ అంటే మీ సొంత కమిట్. మెర్జ్‌లో ఉండే అర్థానికి ఇది తలకిందులు. ఇది తెలియక సొంత పని తామే కొట్టేసుకున్నవారు ఎందరో. అదే కాన్‌ఫ్లిక్ట్ మళ్లీ మళ్లీ వస్తుంటే ‘రెరెరె’ సెట్టింగ్ ఆన్ చేయండి, ఒకసారి మీరు దిద్దిన తీరును గిట్ గుర్తుపెట్టుకుంటుంది. ఇంకో మంచి దారి కూడా ఉంది: ఆ కోడ్ మార్చిన మనిషి గదిలోనే ఉన్నారు కదా, ఇద్దరూ ఒకే తెర ముందు కూర్చుని దిద్దండి.

కోడ్ రూపాన్ని దానంతటదే సరిచేసే ఫార్మాటర్ వెర్షన్ అందరిదీ ఒకటేనా అని చూసుకోండి. ఒకరి మెషీన్‌లో కొత్త వెర్షన్ ఉంటే సేవ్ చేసిన ప్రతిసారీ సంబంధం లేని వరుసలు మారి, పక్కవారితో లేనిపోని కాన్‌ఫ్లిక్ట్‌లు తెస్తుంది.

కమిట్ సందేశం శీర్షిక 50 అక్షరాల లోపు, వివరణ వరుసలు 72 అక్షరాల దగ్గర విరిచి రాయడం గిట్ లోకంలో స్థిరపడిన పద్ధతి. అంతకన్నా ముఖ్యం లోపల ఏముంది అన్నది. ఏం మారిందో డిఫ్‌లోనే ఉంటుంది, ఎందుకు మారిందో రాయండి. ముఖాముఖి మాట్లాడుకుని తేల్చుకున్న కారణాలు ఈ సందేశంలోకి రాకపోతే ఇంకెక్కడికీ రావు. జంటగా రాసిన కోడ్ అయితే చివర ‘కో ఆథర్డ్ బై’ వరుసలో రెండోవారి పేరు, ఈమెయిల్ చేర్చండి. ఆ ఈమెయిల్ వారి ఖాతాలో నమోదైనదే అయితేనే శ్రమ వారి లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఊహించి రాయకుండా అడిగి రాయండి, పక్కనే ఉన్నారు.

రివ్యూ

చిన్న ప్యాచ్ పెట్టండి. వంద వరుసల్లోపు మార్పును రివ్యూయర్ అప్పటికప్పుడు చూడగలరు. ఎనిమిది వందల వరుసలైతే ‘రాత్రికి చూస్తాను’ అంటారు, ఆ రాత్రి రాదు. పేర్లు మార్చడం, ఫైళ్లు జరపడం లాంటివి ఒక కమిట్‌లో, ప్రవర్తన మార్పు వేరే కమిట్‌లో ఉండాలి. బగ్ దిద్దే ప్యాచ్ అయితే ఆ బగ్‌ను పట్టుకునే టెస్ట్ రాసి, పాత కోడ్ మీద అది ఫెయిలవుతోందని ముందు చూపించండి. పాత కోడ్ మీద కూడా పాసయ్యే టెస్ట్ దేన్నీ నిరూపించదు.

పక్కన కూర్చుని రివ్యూ చేయించుకునేటప్పుడు వివరిస్తూ పోవద్దు. రివ్యూయర్‌ను మౌనంగా చదవనివ్వండి. ఎక్కడ ఆగి ప్రశ్న అడిగారో అక్కడ కోడ్ గానీ వ్యాఖ్య గానీ స్పష్టంగా లేదని అర్థం. నోటితో జవాబు చెప్పి ఊరుకోకుండా కోడ్‌నే మార్చండి, రేపు చదివేవారి పక్కన మీరు ఉండరు.

గిట్‌హబ్‌లో మొదటిసారి పుల్ రిక్వెస్ట్ పెట్టినవారికి సీఐ (టెస్టులను సర్వర్‌లో నడిపే వ్యవస్థ) దానంతటది నడవకపోవచ్చు, మెయింటైనర్ ఆమోదం ఇవ్వాలి. ‘టెస్టులు ఎందుకు మొదలవలేదు’ అని ఎదురుచూస్తూ కూర్చోకుండా వెళ్లి అడగండి. అందరూ ఒకేసారి పుష్ చేస్తే సీఐ వరుస కూడా పెరిగిపోతుంది, అందుకే ముందు మీ మెషీన్‌లో టెస్టులు నడిపి తర్వాతే పుష్ చేయడం మిగతావారికి చేసే ఉపకారం.

మెయింటైనర్లకు ఒక మాట. కలిసి టీ తాగిన మనిషి ప్యాచ్ అని రివ్యూ ప్రమాణం తగ్గించవద్దు. ఆ ఆదివారం సాయంత్రం హడావుడిగా మెర్జ్ చేసినవి తర్వాత నెలల తరబడి మోయవలసింది మీరే. అలాగే కాదనవలసిన ప్యాచ్‌ను ఎదురుగా కాదనలేక ‘చూద్దాం’ అనవద్దు. కారణం చెప్పి కాదంటే, వారికి ఇంకో పని మొదలుపెట్టే సమయం మిగులుతుంది.

రానివారి కోసం

ప్రాజెక్టులో పనిచేసేవారిలో ఎక్కువమంది ఆ గదికి రాలేరు. పిల్లలు, ఉద్యోగం, వీసా, డబ్బు, ఆరోగ్యం ఏదైనా అడ్డు కావచ్చు. గదిలో నలుగురు తలూపినంత మాత్రాన అది ప్రాజెక్టు నిర్ణయం కాదు. చర్చ ముగిసిన గంటలోపు ఒకరు రాసే బాధ్యత తీసుకోవాలి: సమస్య ఏమిటి, ఏ దారులు ఆలోచించారు, ఏది ఎందుకు వద్దనుకున్నారు, ఏది ప్రతిపాదిస్తున్నారు. దాన్ని సంబంధిత ఇష్యూలో ‘ప్రతిపాదన’ అనే పెట్టి, అభ్యంతరాలకు కనీసం వారం గడువివ్వండి. ఇది మర్యాద కోసం చెబుతున్నది కాదు. రాని ఆ ఒక్కరికే ఆ కోడ్‌లోని పాత ఇబ్బంది తెలిసి ఉండొచ్చు.

మాట్రిక్స్, ఐఆర్‌సీ లాంటి చాట్ వేదికల్లో ఉన్న ప్రాజెక్టు చానెల్‌ను బల్ల దగ్గర ఒకరు చూస్తూ ఉండాలి. దూరం నుంచి చేరాలనుకునేవారికి ఈథర్‌ప్యాడ్ లింకు అక్కడే ఉంచండి.

ఫొటోలు తీసే ముందు అడగండి. కొన్ని సమావేశాల్లో ఫొటో వద్దనుకునేవారు వేరే రంగు మెడపట్టీ వేసుకుంటారు. ప్రవర్తనా నియమావళి చదివి, ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలో మొదటి రోజే చూసిపెట్టుకోండి. డెబియన్ లాంటి చోట్ల ఒకరి గుర్తింపును ఒకరు ధ్రువీకరిస్తూ జీపీజీ (డిజిటల్ సంతకాల) కీలపై సంతకాలు చేసుకునే అలవాటుంది. మీ కీ ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తించే అంకెల వరుస) ముద్రించిన చీటీలు, ఫొటో ఉన్న గుర్తింపు పత్రం తీసుకెళ్లండి. సంతకం అక్కడ కాదు, ఇంటికి వచ్చాక నలభై అంకెలూ సరిచూసి చేయాలి.

చివరి రెండు గంటలు, ఆ తర్వాత

ముగింపుకు రెండు గంటల ముందు కొత్త పని ఏదీ మొదలుపెట్టకండి. ప్రతి ఒక్కరి దగ్గరున్న సగం పనీ డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్‌గా బయటికి రావాలి. టెస్టులు ఫెయిలైనా ఫరవాలేదు. వివరణలో ఏది పనిచేస్తోంది, ఏది చేయట్లేదు, తర్వాతి అడుగు ఏమిటి అన్న మూడు ముక్కలు రాయండి. ల్యాప్‌టాప్‌లో ఉండిపోయిన బ్రాంచ్ చాలావరకు మళ్లీ వెలుగు చూడదు. ఈథర్‌ప్యాడ్‌లోని పాఠాన్ని ప్రాజెక్టు సొంత చోటికి కాపీ చేయండి, కొన్ని సర్వర్లు కొంతకాలం తర్వాత ఆ పేజీలను తుడిచేస్తాయి.

ఇంటికి వచ్చాక మొదటి వారం కీలకం. అక్కడి మాటలు ఇంకా గుర్తుండేది అప్పుడే. రివ్యూ వ్యాఖ్యలకు ఆ వారంలోనే జవాబివ్వండి, మెయిన్ మీద రీబేస్ చేయండి. మెయింటైనర్లు కూడా ప్రయాణాల నుంచి అలసిపోయి వస్తారు, మామూలు ఉద్యోగంలో పేరుకున్న పని వారి ముందుంటుంది. అందుకని రెండు వారాలు చూసి, అప్పటికీ కదలకపోతే ఒక్క వాక్యంతో గుర్తుచేయండి: ‘స్ప్రింట్‌లో మీరు చెప్పిన మార్పులు రెండూ చేశాను, టెస్టులు పాసయ్యాయి, వీలైనప్పుడు చూడగలరా?’ రోజూ అడగడం వల్ల పని త్వరగా కాదు.

కొనసాగించలేమని తేలితే దాచుకోకండి. ‘నేను దీన్ని ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాను, ఎవరైనా తీసుకోవచ్చు, బ్రాంచ్ అలాగే ఉంచుతున్నాను’ అని ఇష్యూలో రాసి, మీ పేరిట కేటాయింపు ఉంటే తీసేయండి. ఫోర్క్‌ను కొన్నాళ్ల దాకా డిలీట్ చేయవద్దు. వచ్చే స్ప్రింట్‌కు ఇష్యూ వెతుక్కునేవారు ఆ బ్రాంచ్‌నే ఎత్తుకుని మొదలుపెట్టవచ్చు.